ఇరవై మూడో వర్కర్ మీద ఒక్కరు

ఆదివారం మధ్యాహ్నం పూట హైటెక్ సిటీలో ఆఫీసు బోసిపోయి ఉంటుంది. వారమంతా లిఫ్టుల దగ్గర తోసుకునే జనం కనిపించరు. కాఫీ మిషను ఆపేసి ఉంటుంది. ఎనిమిదో అంతస్తులో అఖిల ఒక్కతే కూర్చుని, హాస్టల్ నుంచి తెచ్చుకున్న పెరుగన్నం తినేసి, డబ్బా కడిగి బోర్లించి, కీబోర్డు ముందుకు లాక్కుంది. బయట ఆగస్టు ముసురు. అద్దాల అవతల ఎదుటి బిల్డింగు ఉందో లేదో తెలియనంతగా మబ్బు దిగి ఉంది.

వాళ్ళ కంపెనీ చేసేది ఒక చిన్న పెట్టె. అరచేతిలో ఇమిడిపోతుంది. ముసలివాళ్ళకీ మంచాన పడ్డవాళ్ళకీ తలాపున పెడతారు. దాని మీద ఒకటే ఎర్ర బటన్. నొక్కితే గచ్చిబౌలిలో నర్సులు కూర్చునే గదిలో ఎవరో ఒకరు పలుకుతారు. ఏమైందో అడుగుతారు, అవసరమైతే అంబులెన్సు పంపుతారు. నగరంలో అలాంటి పెట్టెలు పద్నాలుగు వేల దాకా ఉన్నాయి. వాటి లైన్లన్నీ వచ్చి చేరేది సర్వర్లలో పనిచేసే వర్కర్ల దగ్గరికి. వర్కర్ అంటే మనిషి కాదు, ప్రోగ్రాం. పెట్టె మొదటిసారి వర్కర్‌తో కలిసినప్పుడే ఆ ఇద్దరి మధ్యా ఒక రహస్యమైన తాళం కుదురుతుంది. తాళంచెవి ఆ వర్కర్ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు. మాట మధ్యలో లైను ఇంకో వర్కర్ చేతికి పోయిందంటే అంతే, తెగిపోతుంది. ఏ పెట్టె ఎవరితో కుదిరిందో వాళ్ళనే అంటిపెట్టుకుని ఉండేలా కాయడం అఖిల ఉద్యోగం. నాలుగేళ్ళుగా అదే పని.

ఇలాంటి మార్పులు మిగతా కంపెనీలు అర్ధరాత్రి చేస్తాయి. వీళ్ళు చేయరు. ముసలివాళ్ళకు రాత్రుళ్ళు నిద్ర పట్టదు, బటన్లు నొక్కేది అప్పుడే. ఆదివారం తిన్నాక కాసేపు కునుకు తీస్తారు. అందుకని పాత సర్వర్ తీసేయడానికి ఆ మూడు గంటలు ఎంచుకున్నారు. అఖిల పైఅధికారి సుబ్రహ్మణ్యం గారు మియాపూర్‌లో ఇంటి దగ్గరే ఉండి, ఏదైనా అయితే ఫోన్ చేయమన్నాడు. కాకినాడ వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఏడాది కిందట కొత్త ఇంట్లో పాలు పొంగించినప్పుడు టీమంతటికీ భోజనాలు పెట్టారు. ఆయన భార్య జయలక్ష్మి గారు అఖిలకు దగ్గరుండి వడ్డించి, ఆ రోజు నుంచి పేరు పెట్టి పిలిచేటంత చనువు చూపించింది.

పని సులువైనదే. పాత సర్వర్ మీద మిగిలినవి ఎనిమిది వర్కర్లు. కొత్త లైన్లు రాకుండా వాటి తలుపు మూసేసి, లోపల ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయేదాకా ఆగాలి. అందరూ ఖాళీ చేశాక వర్కర్‌ని ఆపాలి. చివర్లో మిషను గదిలోకి వెళ్ళి కరెంటు తీయాలి. అఖిల రెండుంబావుకు మొదలుపెట్టింది. మూడు వందల పన్నెండు లైన్లు. రెండు వందలు. తొంభై. స్క్రీన్ మీద అంకెలు దిగుతుంటే చూడటానికి హాయిగా ఉంటుంది. మూడు కావస్తుండగా ఏడు వర్కర్లు ఖాళీ అయ్యాయి.

ఇరవై మూడో వర్కర్ మీద ఒక్కరు ఉండిపోయారు.

ఎవరో నర్సుతో మాట్లాడుతూ ఉంటారనుకుంది. ఐదు నిమిషాలు ఆగింది. పది నిమిషాలు ఆగింది. గచ్చిబౌలికి ఫోన్ చేసి ఎవరైనా లైన్‌లో ఉన్నారా అని అడిగితే, ఎవరూ లేరు మేడం, అందరం ఖాళీగా ఉన్నామన్నారు. అప్పుడు ఆ లైను వివరాలు తెరిచింది. ప్రతి పెట్టెలోనూ సర్టిఫికెట్ అని ఒక గుర్తింపు ఉంటుంది. అందులో రోగి పేరూ చిరునామా రాసి ఉంటాయి.

లింగమూర్తి. బాలానగర్.

అఖిల ఆ పేరు రెండుసార్లు చదివింది.

లైను మొదలైన సమయం కూడా ఉంది. రెండేళ్ళ కిందటి ఆగస్టు. మధ్యాహ్నం మూడు గంటల పన్నెండు నిమిషాలు.

ఆ రోజును అఖిల మరిచిపోలేదు. మరిచిపోయినట్టు బతకడం మాత్రం నేర్చుకుంది. ఆ రోజు ఇరవై మూడో వర్కర్ మొరాయిస్తోంది. నాలుగింటికి ఒక పెద్ద ఆస్పత్రి వాళ్ళకు తమ సిస్టమ్ చూపించాలి. లోపలున్నవాళ్ళు ఖాళీ అయ్యేదాకా ఆగితే గంట పడుతుంది. ఆగలేదు. మూడుంపావు కాకముందే ఆ వర్కర్‌ని ఉన్నపళంగా ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. నలభై ఒక్క పెట్టెల లైన్లు తెగాయి. నిమిషంలో నలభై తిరిగి వచ్చాయి. ఒక్కటి రాలేదు. దాని సర్టిఫికెట్‌కు వారం కిందటే గడువు తీరింది. ఆఫీసు బ్యాడ్జీలాంటిదే అది. లోపల ఉన్నంతసేపూ ఎవరూ అడగరు, ఒకసారి బయటికి వచ్చావా, మళ్ళీ లోపలికి రానివ్వరు. ఆ పెట్టె తలుపు కొడుతూనే ఉంది. సర్వర్ తీయనంటూనే ఉంది. అది అఖిల చూసింది. సాయంత్రం సరిచేద్దాంలే అనుకుని మీటింగుకు వెళ్ళింది.

బాలానగర్‌లో లింగమూర్తి అనే పెద్దాయన, ముప్పై ఏళ్ళు లేత్ మిషను మీద పనిచేసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్న మనిషి, ఆ మధ్యాహ్నమే చనిపోయాడు. తర్వాత పెట్టెను తెప్పించి చూస్తే, తొమ్మిది సార్లు బటన్ నొక్కినట్టు అందులో నమోదై ఉంది.

ఏం జరిగిందో అఖిల ఉన్నదున్నట్టే రాసింది. సుబ్రహ్మణ్యం గారు ఆమెను గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఒక్క వాక్యం మార్చాడు. రోగి ఇంట్లో ఇంటర్నెట్ అంతరాయం వల్ల, అని. కంపెనీ మునిగితే పద్నాలుగు వేల మందికి ఆ బటన్ కూడా ఉండదని నచ్చజెప్పాడు. అఖిల తన పేరుతో ఆ రిపోర్టు పంపింది. ఆర్నెల్లకు ప్రమోషన్ వచ్చింది.

ఆ తర్వాత ఈ వర్కర్‌ని ఎన్నిసార్లు ఆపారో, ఎన్నిసార్లు మొదలుపెట్టారో. ఆపిన ప్రతిసారీ పాత లైన్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. రెండేళ్ళ నాటి లైను, అదీ తిరిగి లోపలికే రాలేకపోయిన లైను, బతికి ఉండటం జరగని పని.

సుబ్రహ్మణ్యం గారికి ఫోన్ చేసింది. స్క్రీన్ మీద లెక్క తప్పు చూపిస్తోందేమో, ఆపేసి ఇంటికెళ్ళు అన్నాడాయన. అఖిల లింగమూర్తి పేరు చెప్పింది. అవతల తలుపు వేసిన చప్పుడు వినబడింది.

"ఆ పేరు ఇంకెవరికైనా చెప్పావా అమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

లేదంది. అయితే ఆపెయ్, అని ఫోన్ పెట్టేశాడు.

అఖిల ఆపేసింది. జాబితాలో ఇరవై మూడో వర్కర్ పేరు బూడిద రంగులోకి మారింది. ఆగిపోయింది. దాని పక్కన అంకె మారలేదు. ఒకటి.

బల్ల మీద హెడ్‌సెట్ ఉంది. నర్సుల లైన్లు సరిగ్గా వినిపిస్తున్నాయో లేదో అప్పుడప్పుడు పరీక్షించడానికి పెట్టుకుంటుంది. అందులోంచి సన్నగా ఒక చప్పుడు వచ్చింది. ఆక్సిజన్ మిషను తిరిగే గురగుర. దాని మీద, ఆగి ఆగి, ఎవరో గాలి పీల్చుకుంటున్న చప్పుడు.

టక్.

అది బటన్ నొక్కిన చప్పుడు. ఆ పెట్టెల్ని కొన్ని వందల సార్లు నొక్కి చూసిన అఖిలకు అది తెలియకపోవడం ఉండదు.

టక్... టక్...

హెడ్‌సెట్ వైరు పీకేసి లేచింది. లిఫ్టు దగ్గర సెక్యూరిటీ ఓదెలు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పెద్దపల్లి వైపు నుంచి వచ్చినవాడు, యాభై దాటిన మనిషి. మిషను గది తాళాలు అతని దగ్గరే ఉంటాయి. తోడు రమ్మంది. ఎందుకని అడగలేదు, ఆమె మొహం చూసి లేచాడు.

మిషను గది చలిగా ఉంది. వరసగా నిలబెట్టిన బీరువాల్లాంటి రాకుల్లో పచ్చదీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. ఎప్పుడూ ప్లాస్టిక్ వాసన తప్ప ఇంకేమీ ఉండని గది అది. ఇప్పుడు తలుపు తీయగానే గుప్పున కొట్టింది, కాలిన నూనె, కోసిన ఇనుము కలిసిన వాసన. ఏదన్నా అంటుకున్నదేమోనని ఓదెలు ముక్కు ఎగబీల్చి చుట్టూ చూశాడు. పొగ లేదు. అఖిల పాత సర్వర్ వెనక్కి వెళ్ళి ఒక వైరు లాగింది. రెండోది లాగింది. ఫ్యాన్ల హోరు మెల్లగా దిగి ఆగిపోయింది. దీపాలన్నీ ఆరాయి. కరెంటు లేని ఉత్త ఇనుప డబ్బా అయింది.

ఇద్దరూ ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డారు.

డబ్బాలోంచి ఊపిరి వినిపించింది.

లోపలికి... ఆగి... బయటికి.

ఓదెలు ఒక అడుగు వెనక్కి వేశాడు. "మేడం, గిది మిషను సప్పుడు గాదు," అన్నాడు మెల్లగా. "మనిషి ఊపిరి."

టక్.

ఆ తర్వాత గొంతు. ముసలి గొంతు, మాటకీ మాటకీ మధ్య ఈల వేస్తున్నట్టు గాలి తీస్తూ.

"నర్సమ్మా... ఉన్నవా..."

పలకకూడదని అఖిల మనసు చెబుతోంది. పలకకుండా ఉన్నది ఒకసారి చాలదా అని కూడా అదే మనసు అంటోంది.

"ఉన్న," అంది.

గది ఇంకా చల్లబడింది.

"కనకమ్మకు చెప్పు... వైరు... బాగనే ఉండె అని..."

అంతే. ఆ తర్వాత గొంతు రాలేదు. ఊపిరి మాత్రం ఆగలేదు. ఓదెలు ఆమె చేయి పట్టి బయటికి లాక్కొచ్చి తాళం వేశాడు. తాళంచెవి రెండుసార్లు కింద పడింది. కనకమ్మ ఎవరు మేడం అని అడిగాడు. ఆయన భార్య అంది. మరి చెప్పమన్నది పోయి చెప్పు బిడ్డా, అన్నాడు. ఎప్పుడూ మేడం అనే మనిషి.

ముసురులో ఆటో దొరికేసరికి నాలుగున్నర అయింది. బాలానగర్ చేరేసరికి వాన కాస్త తెరిపిచ్చింది. లేత్ షాపులన్నీ షట్టర్లు దించి ఉన్న సందులో, రేకుల వసారా ఉన్న రెండు గదుల ఇల్లు. తలుపు తీసిన కనకమ్మ సన్నగా, ఎండిపోయినట్టు ఉంది. పెట్టె కంపెనీ నుంచి వచ్చానంటే ఎవరని ఏమని అడగకుండా లోపలికి రమ్మని కుర్చీ వేసింది. చాయ్ పెట్టింది.

గదిలో మంచం ఆయనదే. దుప్పటి మడతపెట్టి ఉంది. తలాపున గోడకు ఇంటర్నెట్ వైరు మేకులతో బిగించి ఉంది. గదంతా అద్దంలా తుడిచి ఉంది. మంచం కింద మాత్రం దుమ్ము. మామూలు దుమ్ము కాదు, దూదిలా మందంగా పేరుకుని, అంచులు కూడా కదలని దుమ్ము. మంచం నీడ ఎంతవరకు పడుతుందో అంతవరకు గీత గీసినట్టు ఆగిపోయింది.

అఖిల అటే చూస్తుండటం కనకమ్మ గమనించింది. అడగకుండానే చెప్పింది. ఆ పొద్దు మధ్యాహ్నం తాను మంచం కింద ఊడ్చిందట. చీపురు తగిలి వైరు కదిలి ఉంటుందట. అది చూసుకోకుండా, పెట్టె ఉన్నది గదా అన్న ధైర్యంతో మందుల షాపుకు పోయిందట. తిరిగొచ్చేసరికి ఆయన చేయి పెట్టె మీదనే ఉంది. నెట్ పోయిందని కంపెనీ వాళ్ళు కాగితం పంపినంక అర్థమైందట, తన చేత్తో తానే ఆయన్ను చంపుకున్నానని. అప్పటి నుంచి ఆ మంచం కింద చీపురు పెట్టలేదు.

ఇవన్నీ ఆమె ఏడవకుండా చెప్పింది. రెండేళ్ళుగా రోజూ తనకు తాను చెప్పుకుంటున్న మాటలవి, ఎక్కడా తడబడలేదు.

అఖిల చాయ్ గ్లాసు కింద పెట్టింది. నేల చూస్తూ, ఏ గంటకు ఏం జరిగిందో ఒక్కొక్కటే చెప్పింది. తాను వర్కర్‌ని ఆపింది, పెట్టె తిరిగి రావడానికి చూసింది, తాను చూసీ వదిలేసింది.

"మీ వైరు బాగనే ఉండె అమ్మా," అంది. "మీ పెట్టె మా తలుపు కొడుతనే ఉండె. మేమే తియ్యలే."

బయట చూరు నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. తిడుతుందేమో, కొడుతుందేమో, అదే మేలనుకుంది అఖిల.

"ఎన్నిసార్లు ఒత్తిండు?" అంది కనకమ్మ.

"తొమ్మిది."

ఆమె తల ఊపింది. లేచి, అలమారలోంచి ఒక నోటుపుస్తకం, పెన్ను తెచ్చి ముందు పెట్టింది. చెప్పిందంతా రాసియ్యమంది. అఖిల రాసింది. తేదీ వేసి సంతకం పెట్టింది. కనకమ్మ కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని అక్షరం అక్షరం చదివింది.

"నువ్వొక్కదానివేనా? ఇంకెవ్వరికన్న ఎరుకనా?"

సార్ పేరు అఖిల నోటి దాకా వచ్చింది. కొత్త ఇల్లు, కొసరి కొసరి వడ్డించిన జయలక్ష్మి గారు, వచ్చే ఏడు రిటైర్ కావలసిన పెద్దమనిషి గుర్తుకొచ్చారు.

"నేనొక్కదాన్నే," అంది.

కనకమ్మ ఆమెను కాసేపు చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. ఆ తర్వాత మూలన ఉన్న చీపురు తీసుకుని, దీపాలు పెట్టే వేళ అని కూడా చూడకుండా, మోకాళ్ళ మీద కూర్చుని మంచం కిందికి వంగింది. ఒక్కో చీపురు దెబ్బకు రెండేళ్ళ దుమ్ము ముద్దలు ముద్దలుగా బయటికొచ్చింది. అఖిల సాయం చేయబోతే వద్దని చేత్తోనే వారించింది.

"ఇగ పో బిడ్డా," అంది, తల తిప్పకుండా.

అఖిల సందు దాటి మెట్రో స్టేషను మెట్లెక్కింది. ఆమె అలా పైకి చేరిందో లేదో, వాన కుండపోతగా అందుకుంది. చుక్క కూడా తడవకుండా ప్లాట్‌ఫాం మీద బెంచీలో కూలబడింది. ఫోన్‌లో ఆఫీసు జాబితా తెరిచి చూసుకుంది. ఇరవై మూడో వర్కర్ పక్కన అంకె సున్నా అయి ఉంది. ఆరు గంటల ఐదు నిమిషాలకు ఆ లైను ముగిసినట్టు నమోదై ఉంది. ఓదెలుకు ఫోన్ చేస్తే, గదిలో సప్పుడు బందైంది మేడం, నేను దేవునికి మొక్కుకున్న అన్నాడు. అఖిల ఏడ్చింది. రైలు కోసం చూస్తున్న ఇద్దరు ముగ్గురు అటు తిరిగి మళ్ళీ ఇటు తిరిగారు. రేపు పొద్దున్నే కంపెనీకి కూడా అంతా రాసి ఇచ్చేయాలనుకుంది. ఉద్యోగం పోతే పోనీ. సార్ సంగతి సార్ చూసుకుంటాడు.

అప్పుడు ఫోన్ మోగింది. సుబ్రహ్మణ్యం గారి నంబరు. ఎత్తితే జయలక్ష్మి గారు.

ఏమీ అనుకోకమ్మా, చిన్న సంగతి అడుగుదామని చేశాను, అంది ఆవిడ. మామూలుగానే మాట్లాడుతోంది, కొంచెం మొహమాటంగా. మీ సారు పావుగంట నుంచి గదిలో తలుపేసుకుని మాట్లాడుతున్నారు, ఫోన్ చూస్తే ఇక్కడ వంటింట్లోనే ఉంది, ఎవరొచ్చారా అని తలుపు దగ్గర చెవి పెట్టాను, అంది.

"నీ గొంతే అఖిలా. నువ్వెప్పుడొచ్చావో నేను చూడనేలేదు. టీ పెట్టనా అని అడుగుదామంటే ఇద్దరూ పలకరు. అందుకని ఫోన్ చేశాను."

అఖిల లేచి నిలబడింది. తాను బాలానగర్‌లో ఉన్నానని చెప్పింది. గట్టిగా చెప్పింది. వాన హోరులో వినబడలేదేమో, ఆవిడ ఆఁ ఆఁ అంటోంది.

ఆవిడ వెనకాల ఎక్కడో, మూసిన తలుపు అవతల, ఒక ఆడగొంతు తొందర లేకుండా ఏదో చెబుతూ ఉంది. ఒక్కొక్క సంగతీ వరసగా, ఏ గంటకు ఏం జరిగిందో చెబుతున్నట్టు. మధ్యలో మగగొంతు ఒకటి, వద్దు, వద్దు అంటోంది.

మాటలు ఆగిపోయాయి.

"ఉండమ్మా, గడియ తీస్తున్నారు," అంది జయలక్ష్మి గారు.

గడియ జరిగిన చప్పుడు అఖిలకు స్పష్టంగా వినబడింది. తలుపు కిర్రుమంది. ఫోన్ ఆవిడ చేతిలోనే ఉన్నట్టుంది, గాజులు తగులుతున్నాయి. కొన్ని క్షణాల తర్వాత జయలక్ష్మి గారి గొంతు మళ్ళీ వినిపించింది. ఈసారి ఆవిడ మాట్లాడింది ఫోన్లోకి కాదు.

"అయ్యో, అదేంటి తల్లీ, అంతలా తడిసిపోయావు..."